తొంబది శాతము – ఎవరి తూకములో?
లిథియము అయాను బ్యాటరీల రీసైక్లింగు నియమములపై ఒక విమర్శ

జగిత్యాలలో ఒక కుటుంబము కొన్నేండ్లు నడిపిన విద్యుత్ స్కూటరుకు కొత్త బ్యాటరీ వేయించుకొన్నదనుకొందము. పాత బ్యాటరీ ఎక్కడికి పోవును? అదే యింటిలో ఇన్వర్టరు క్రిందనున్న సీసపు బ్యాటరీ చెడిపోయినప్పుడు ఈ ప్రశ్న పుట్టదు. దుకాణదారుడు దానిని తీసికొని, దాని విలువను కొత్తదాని ధరలో తగ్గించి ఇచ్చును. సీసమునకు బజారులో ధర యున్నది. ఆ ధరయే పాత బ్యాటరీని ఇంటినుండి కర్మాగారమునకు లాగికొని పోవుచున్నది. లిథియము బ్యాటరీకి ఇంకను అట్టి బాట స్థిరపడలేదు. కొన్ని వాహనము అమ్మిన దుకాణమునకు తిరిగి చేరును. కొన్ని అటక ఎక్కును. మరికొన్ని పాత ఇనుప సామాను కొను బండిమీద గుజిరీ దుకాణమునకు పోవును.

పాఠశాలల సైన్సు ప్రదర్శనలలో రీసైక్లింగునకు గుర్తుగా మూడు బాణములతో ఒక వలయము గీయుట మామూలు. వ్యర్థము కర్మాగారమునకు పోవును, కర్మాగారమునుండి కొత్త వస్తువు వచ్చును, అది మరల వ్యర్థమగును. బొమ్మలో ఎక్కడను సందు కనబడదు. ఆ వలయము నిజముగా పూర్తియగుచున్నదా, ఎక్కడ ఎంత జారిపోవుచున్నది అని కొలిచిచూచుట విజ్ఞానశాస్త్రపు పని. కొలుచుటకు కొలబద్ద కావలెను. కొలబద్దయే వంకరగా నున్నచో లెక్క ఎంత శ్రద్ధగా చేసినను ఫలితము తప్పును.

లిథియము అయాను బ్యాటరీల విషయములో మన దేశము వాడుచున్న కొలబద్ద 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమావళి. 2026–27 నుండి బ్యాటరీలోని పదార్థములో నూటికి 90 పాళ్ళు తిరిగి రాబట్టవలెనని అందు నిర్ణయించిరి. వినుటకు ఈ అంకె ఎంతయో గొప్పగా నున్నది. అది దేనిలో 90 పాళ్ళు, ఎక్కడనుండి మొదలుపెట్టిన లెక్క అనునవి పరిశీలింపవలసిన ప్రశ్నలు.

ఘటములో నున్నదేమి?

లిథియము అయాను బ్యాటరీ 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ ద్వారా బజారులోనికి వచ్చినది. దాని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలకు గాను 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు రసాయనశాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది. ఇందులో ఋణధ్రువము రాగి రేకుపై పూసిన గ్రాఫైటు. ధనధ్రువము అల్యూమినియము రేకుపై పూసిన ఒక లిథియము సమ్మేళనము. రెంటి నడుమ సన్నని రంధ్రములు గల ప్లాస్టికు పొర, దానిని తడుపుచు లిథియము లవణము కరిగిన ఒక సేంద్రియ ద్రవము ఉండును. ఛార్జి చేయునపుడు లిథియము అయానులు ధనధ్రువమునుండి గ్రాఫైటులోనికి పోవును. వాడునపుడు తిరిగి వచ్చును.

పేరు లిథియముదే గాని బరువులో దాని వంతు చాల తక్కువ. ఈ సంగతిని ఉన్నత పాఠశాల విద్యార్థి స్వయముగా లెక్కకట్టవచ్చును. ఒక మోల్ లిథియము, అనగా 6.94 గ్రాములు, ఒక ధ్రువమునుండి రెండవదానికి పోవుటకు సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు సరిపోలును. ఒక ఆంపియరు–గంట అనగా 3,600 కూలుంబులు. కాబట్టి ఒక ఆంపియరు–గంటకు సుమారు 0.26 గ్రాముల లిథియము కదలవలెను. స్కూటరు బ్యాటరీలో 3 యూనిట్ల విద్యుత్తు నిలువయుండు ననుకొన్నచో, ఒక్కొక్క ఘటపు వోల్టేజి 3.6 చొప్పున, అన్ని ఘటములకు కలిపి 833 ఆంపియరు–గంటలగును. అందు కదలాడు లిథియము 216 గ్రాములకు దగ్గరగా నుండును. కదలక నిలిచియుండు భాగము గూడ కొంత యుండును గనుక అసలు పరిమాణము ఇంతకంటె కొంచెము ఎక్కువ. ఐనను 20 కిలోల బ్యాటరీలో అది నూటికి ఒకటి రెండు పాళ్ళను మించదు.

మిగిలిన బరువంతయు ఉక్కు లేక అల్యూమినియము తొడుగు, రాగి, గ్రాఫైటు, ప్లాస్టికు, ద్రవము, ధనధ్రువములోని ఇతర మూలకములు. ఈ ధనధ్రువము అన్ని బ్యాటరీలలోను ఒకే విధముగా నుండదు. ఫోనులలో తరచుగా వాడు లిథియము కోబాల్టు ఆక్సైడులో బరువునకు నూటికి 60 పాళ్ళు కోబాల్టే. కార్లలోను కొన్ని స్కూటర్లలోను నికెలు, మాంగనీసు, కోబాల్టు కలిసిన ఆక్సైడు వాడుదురు. మూడవది లిథియము ఇనుప ఫాస్ఫేటు. ఇది చవుక; వేడికి ఎక్కువగా తట్టుకొనును; అందువలన ఆటోలు, బస్సులు, సౌర దీపములలో దీని వాడకము పెరిగినది. దీనిలో నికెలు లేదు, కోబాల్టు లేదు. నూటికి 35 పాళ్ళు ఇనుము, 4 పాళ్ళ పైచిలుకు లిథియము, మిగిలినది భాస్వరము, ఆక్సిజను.

పాత సామాను వ్యాపారి దృష్టిలో ఈ తేడాయే ముఖ్యము. కోబాల్టు గల ఘటమును కొనువారుందురు. ఇనుప ఫాస్ఫేటు ఘటములో విలువగల లోహము లిథియము, రాగి మాత్రమే. వాడుటకు సురక్షితమైన ఘటమే, వాడిన తరువాత ఎవరికిని అక్కరలేనిదగుచున్నది.

రాబట్టు మార్గములు

పాత ఘటములనుండి లోహములను తీయుటకు రెండు ప్రధాన మార్గములు కలవు. మొదటిది కొలిమి మార్గము. ఘటములను 1,400 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతపు ఉష్ణోగ్రతలో కరగింతురు. రాగి, నికెలు, కోబాల్టు మిశ్రలోహముగా అడుగునకు దిగును. గ్రాఫైటు, ప్లాస్టికు, ద్రవము కాలిపోవును. లిథియము, అల్యూమినియము చిట్టెములో కలిసిపోవును. ఆ చిట్టెమునుండి లిథియమును మరల తీయుట సాధ్యమేగాని ఖర్చుతో గూడిన పని.

రెండవది ద్రావణ మార్గము. ముందుగా ఘటములలోని మిగులు విద్యుత్తును పూర్తిగా తీసివేసి, గాలి సోకని ఏర్పాటులో వానిని నుగ్గుచేసి, ఇనుము, రాగి, అల్యూమినియము ముక్కలను వేరుపరతురు. మిగిలిన నల్లని పొడిలో ధనధ్రువ పదార్థము, గ్రాఫైటు ఉండును. ఈ పొడిని గంధకామ్లము, హైడ్రోజను పెరాక్సైడు కలిపిన ద్రావణములో నానబెట్టగా లోహములు కరగును. తగిన ద్రావణులతో కోబాల్టు, నికెలు, మాంగనీసులను ఒక్కొక్కటిగా వేరుచేసి, చివరకు సోడియము కార్బనేటు కలిపి లిథియమును లిథియము కార్బనేటుగా దింపుదురు. ఇందులో లిథియము దక్కును. ఐతే ఆమ్లము ఖర్చగును. సోడియము సల్ఫేటుతో నిండిన నీరు మిగులును. ఆ నీటిని శుద్ధిచేయని కర్మాగారము వ్యర్థమును ఒక చోటినుండి మరియొక చోటికి మార్చినదగునే గాని తొలగించినది కాదు.

ఈ రెండవ మార్గములో మన రాష్ట్రమున జరిగిన కృషి చెప్పుకొనదగినది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ సాంకేతిక పదార్థముల కేంద్రము, సీమెట్ అని పేరుగల కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయము, వివిధ రకముల పాత లిథియము బ్యాటరీలను కలిపి శుద్ధిచేయు విధానమును రూపొందించినది. లిథియము, కోబాల్టు, మాంగనీసు, నికెలు లోహములలో 95 శాతమునకు పైగా, సుమారు 98 శాతము శుద్ధమైన ఆక్సైడులు, కార్బనేటులుగా రాబట్టవచ్చునని ఆ విధానమును గూర్చి ప్రకటించిరి. 2023 ఏప్రిలులో దానిని తొమ్మిది పరిశ్రమలకు, అంకుర సంస్థలకు అందజేసిరి. ఈ కృషికి తెలంగాణ ప్రభుత్వము గూడ ధనసహాయము చేసినది. కనుక విద్య కొరవడినదనుటకు వీలులేదు. లోపమును వేరొక చోట వెదకవలెను.

నియమావళిలోని మేలు

విమర్శించుటకు ముందు నియమావళి చేసిన మేలును ఒప్పుకొనవలెను. అంతకు పూర్వము అమలులో నున్న 2001 నాటి నియమములు సీసపు బ్యాటరీలకు మాత్రమే వర్తించెడివి. 2022 నియమావళి అన్ని రకముల బ్యాటరీలను తన పరిధిలోనికి తెచ్చినది. బ్యాటరీని తయారుచేసి లేక దిగుమతి చేసి అమ్మినవాడే దాని తుదివరకు బాధ్యుడని చెప్పినది. పాత బ్యాటరీలను భూమిలో పాతుట, కాల్చుట నిషేధించినది. వాడుకదారు వానిని ఇంటి చెత్తలో కలుపరాదనియు, సేకరించువారికి అప్పగింపవలెననియు ఆదేశించినది. డిపాజిటు కట్టించుకొని పాత బ్యాటరీ తిరిగి యిచ్చినపుడు ఆ సొమ్ము వాపసు చేయు పద్ధతికి గూడ చోటిచ్చినది.

కొత్త బ్యాటరీలలో మన దేశములో రీసైక్లింగు చేసిన పదార్థము కొంత తప్పక ఉండవలెనను నిబంధన మరియొక మేలు. ఆ నియమావళి పట్టిక ప్రకారము విద్యుత్ వాహనముల బ్యాటరీలలో 2027–28లో 5 శాతముతో మొదలై 2030–31 నాటికి అది 20 శాతము కావలెను. తిరిగి రాబట్టిన లోహమునకు కొనుగోలుదారు ముందుగానే నిశ్చయమై యున్నచో కర్మాగారములు పెట్టువారికి ధైర్యము కలుగును. దీనికి తోడు 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము కీలక ఖనిజముల రీసైక్లింగునకు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును ఆమోదించినది. ఘటములను నుగ్గుచేసి నల్లపొడి అమ్ముకొనుటతో ఆగిపోవువారికి గాక, ఖనిజమును నిజముగా వేరుచేయువారికే ఆ సహాయము వర్తించునని అందు స్పష్టము చేసిరి. ఇది వివేకముగల షరతు.

తూకములోని లోపము

ఇక 90 శాతము మాట. నియమావళి ఈ అంకెను బ్యాటరీ యొక్క పొడి బరువుమీద కట్టినది. అనగా ద్రవమును మినహాయించిన మొత్తము బరువులో ఎన్ని పాళ్ళు పదార్థము తిరిగి వచ్చినదని చూచుట. సీసపు బ్యాటరీకి ఈ కొలత చాలవరకు సరిపోవును. ఏలయన దాని బరువులో అధికభాగము సీసమే. బరువు తిరిగి వచ్చినదన్న సీసము తిరిగి వచ్చినదని అర్థము. లిథియము బ్యాటరీకి ఈ తర్కము వర్తింపదు. లిథియము నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే గనుక, అది మొత్తము పోయినను మిగిలినదంతయు దక్కినచో 98 శాతము రాబట్టినట్లు లెక్కకు వచ్చును. 90 శాతపు పరీక్షలో ఉత్తీర్ణుడై, ఏ లోహము పేరిట ఆ బ్యాటరీ పిలువబడుచున్నదో దానినే పూర్తిగా పోగొట్టుకొనుటకు అంకగణితములో అడ్డులేదు.

కొత్త బ్యాటరీలలో రీసైక్లింగు పదార్థము ఉండవలెనను నిబంధనను గూడ పొడి బరువుమీదనే కట్టిరి. బరువైన తొడుగులోని అల్యూమినియము, రేకులోని రాగి ఈ లెక్కలో లిథియముతో సమానముగా తూగును. అల్యూమినియమును, రాగిని కరగించి తిరిగి వాడుట మన దేశమునకు కొత్త విద్య కాదు. వాని కొరకు కొత్త నియమము అంతగా అవసరము లేదు. దిగుమతిమీద ఆధారపడిన లోహములను కాపాడుటయే ఉద్దేశమైనచో ఆ లోహములను పేరుపెట్టి అడుగవలెను.

ఈ విషయములో ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టము పోల్చిచూడదగినది. లిథియము బ్యాటరీలలో మొత్తము బరువుమీద వారు పెట్టిన లక్ష్యము మన దానికంటె తక్కువ – 2025 చివరకు 65 శాతము, 2030 చివరకు 70 శాతము. పైపైన చూచువారికి మన నియమమే కఠినముగా తోచును. కాని వారు దానితో ఆగలేదు. కోబాల్టు, నికెలు, రాగి ఒక్కొక్కటి 2027 చివరకు 90 శాతము, 2031 చివరకు 95 శాతము రావలెననిరి. లిథియము 2027 చివరకు 50 శాతము, 2031 చివరకు 80 శాతము రావలెననిరి. చిన్న అంకెయైనను అది అసలు వస్తువును కొలుచుచున్నది. పెద్ద అంకె గల కొలతయే గట్టి కొలత అనుకొనుట పొరపాటు.

మరియొక సూక్ష్మము కలదు. తిరిగి వచ్చిన లిథియము లోహరూపమున రాదు, కార్బనేటుగా వచ్చును. ఒక గ్రాము లిథియమునుండి 5.3 గ్రాముల లిథియము కార్బనేటు లభించును. ఆ కార్బను, ఆక్సిజను పాత ఘటమునుండి వచ్చినవి కావు. కావున రాబడిని తూచునపుడు లవణమును తూచుచున్నారా, అందలి లోహమును తూచుచున్నారా అని అడుగుట రసాయనశాస్త్ర విద్యార్థికి తగిన ప్రశ్న. మూలకము పేరున లెక్క చెప్పమన్నచో ఈ సందేహమునకు తావుండదు.

కోరుట్ల నుండి కర్మాగారము వరకు

తూకములోని లోపముకంటె పెద్దది దారిలోని లోపము. 90 శాతమనునది కర్మాగారపు గేటు దాటిన బ్యాటరీల లెక్క. గేటువరకు రానివాని ఊసు అందులో లేదు. ఉదాహరణకు ఒక ప్రాంతములో 100 పాత బ్యాటరీలుండగా అందు 40 మాత్రమే కర్మాగారమునకు చేరినవనుకొందము. అక్కడ 90 శాతము రాబట్టినను ఆ ప్రాంతపు నికర రాబడి 36 శాతమే. యంత్రములను బాగుచేసి 90ని 95కు పెంచినచో నికర రాబడి 38 అగును. యంత్రములను ముట్టుకొనక, సేకరణను 40 నుండి 60కి పెంచినచో అది 54 అగును. ఇవి లెక్కకొరకు తీసికొన్న అంకెలైనను, పాఠము స్పష్టము: శ్రమ ఎక్కడ పెట్టినచో ఫలమెక్కువయో గుణకారమే చెప్పుచున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను ఈ దృష్టితో చూడవలెను. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాలు. కోరుట్ల జగిత్యాల జిల్లాలోనిది. ఉపాధికై గల్ఫు దేశములకు పోయినవారు ఈ ప్రాంతమున ఇంటింట కలరు. వారితో మాట్లాడుటకు ఫోను ప్రతి కుటుంబమునకు ప్రాణావసరము. పసుపు, మక్క, వరి చేలలో మందుకొట్టు పంపులు బ్యాటరీతో నడుచుచున్నవి. వానిలో కొన్నిటికి సీసపు బ్యాటరీ, కొన్నిటికి లిథియము బ్యాటరీ. వీధులలో విద్యుత్ స్కూటర్లు, ఆటోలు తిరుగుచున్నవి. రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు 31 వరకు మినహాయించినది. నేడు రోడ్డెక్కుచున్న ప్రతి వాహనము కొన్ని యేండ్లకు ఒక పాత బ్యాటరీని మిగుల్చును.

ఇట్లు ఊరూర చెదరియున్న ఈ పెట్టెలను కూర్చుట ఎవరి పని? నియమావళి ఉత్పత్తిదారుపై సేకరణ భారమును మోపిన మాట నిజము. కాని ఆ భారము దేశమంతటికి ఒక్క మొత్తముగా నున్నది. ఉత్పత్తిదారు తాను స్వయముగా సేకరింపనక్కరలేదు. రీసైక్లింగు చేసిన సంస్థనుండి అంత పరిమాణమునకు సర్టిఫికెటు కొన్నచో చాలును. ఆ పరిమాణము మహానగరములోని పెద్ద కార్యాలయములనుండి వచ్చినదైనను, కోరుట్లనుండి వచ్చినదైనను సర్టిఫికెటు ఒక్కటే. మహానగరములో ఒక్కచోట టన్నుల కొలది దొరకుచుండగా, 200 కిలోమీటర్ల పైబడిన దూరమునుండి, ఆరిన ఘటమో ఆరని ఘటమో తెలియని 20 కిలోల పెట్టెను జాగ్రత్తగా మోసికొని వచ్చుటకు ఏ వ్యాపారియు ముందుకు రాడు. ఇంత జనాభా గల పట్టణములో ఒక సేకరణ కేంద్రము తప్పక ఉండవలెనను షరతు నియమావళిలో కానరాదు. అందువలన దేశపు లెక్కలో లక్ష్యము నెరవేరినట్లు కనబడుచునే, చిన్న పట్టణములలో ఒక్క బ్యాటరీయు కదలకుండుటకు అవకాశమున్నది.

సర్టిఫికెట్లమీద మాత్రమే ఆధారపడుటలోని ప్రమాదమును ప్లాస్టికు వ్యర్థముల విషయము ఇదివరకే తెలిపినది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలో ఆరు లక్షలకు పైగా నకిలీ సర్టిఫికెట్లు బయటపడినవి. కాగితము కదలినంత మాత్రమున వస్తువు కదలినట్లు కాదు.

నిప్పు గూర్చిన మాట

ఇది లోహపు లెక్క మాత్రమే కాదు. ప్రాణపు లెక్క గూడ. వాహనమునకు పనికిరాదనుకొన్న బ్యాటరీలో ఇంకను మూడు వంతులకు పైగా శక్తి నిలువచేయు సామర్థ్యము మిగిలియుండవచ్చును. అట్టి ఘటము నలిగినను, మేకు దిగినను లోపలి పొర చిరిగి రెండు ధ్రువములు కలియును. పుట్టిన వేడి రసాయన చర్యలను రేపును. ఆ చర్యలు మరింత వేడిని పుట్టించును. ప్రక్క ఘటములు గూడ అంటుకొనును. ద్రవములోని లిథియము లవణము తేమతో కలిసి హైడ్రోజను ఫ్లోరైడు అను విషవాయువు నిచ్చును. పైకి ఆరినట్లు కనబడి గంటల తరువాత మరల రగులుట ఈ మంటల లక్షణము.

పొరుగు జిల్లా నిజామాబాదులో 2022 ఏప్రిలులో ఇంటిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. అదే యేడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ వాహనముల దుకాణమున్న భవనములో మంటలు లేచి, పైయంతస్తుల హోటలులో ఎనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. తరువాత 2022 డిసెంబరులోను, 2023 మార్చి చివరను రెండు దశలుగా వాహనముల బ్యాటరీలకు కఠినమైన భద్రతా ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. ఈ ప్రమాణములు కొత్త బ్యాటరీలకు. పాతబడి చేతులు మారుచున్నవానికి గుజిరీ దుకాణములో ఏ ప్రమాణమును లేదు. రాగికొరకు ఘటమును సుత్తితో పగులగొట్టు కూలివానికి పై రసాయనమంతయు తెలియదు. లిథియము పెట్టెను సీసపు బ్యాటరీయని పొరబడి సీసపు కొలిమిలో వేసినను పేలుడు సంభవింపవచ్చును. మందుకొట్టు పంపులలో రెండు రకములును ఇంచుమించు ఒకే ఆకారములో నుండుటవలన ఈ పొరపాటు కష్టమేమియు కాదు.

దిద్దుబాటుకు మార్గములు

మొదటిది కొలతను సరిదిద్దుట. మొత్తము బరువు లెక్కతోబాటు లిథియము, నికెలు, కోబాల్టు, రాగి ఒక్కొక్కదానికి వేరు లక్ష్యము ఉండవలెను. రెండవది సేకరణ లక్ష్యమును జిల్లాలవారీగా విభజించుట. ఒక జిల్లాలో అమ్మిన బ్యాటరీల సంఖ్య వాహనముల రిజిస్ట్రేషనునుండి తెలియుచునే యున్నది. ఎన్ని తిరిగి వచ్చినవో గూడ అదే విధముగా ప్రకటింపవచ్చును.

మూడవది వాడుకదారునకు కారణము కల్పించుట. ఇనుప ఫాస్ఫేటు ఘటమునకు బజారు ధర చాలనపుడు డిపాజిటు ఆ లోటును పూరించును. నియమావళిలో ఐచ్ఛికముగా నున్న ఆ పద్ధతిని స్కూటరు, ఆటో బ్యాటరీలకు తప్పనిసరి చేసినచో పాత బ్యాటరీ అటకమీద నిలువదు. సీసపు బ్యాటరీ తిరిగివచ్చుట మనుష్యుల సద్బుద్ధివలన గాక సొమ్మువలన అని మరువరాదు.

నాల్గవది ఊరిలోనే ఉన్న వ్యవస్థలను వాడుకొనుట. సిరిసిల్లలో 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము పనిచేయుచున్నది. మరమగ్గములకును, వ్యవసాయపు మోటార్లకును విద్యుత్తును చేర్చిన సంఘమది. ప్రతి గృహము దాని లెక్కలో నున్నది. విద్యుత్తును ఇంటివరకు తెచ్చిన సంఘము, ఆ విద్యుత్తును నిలువచేసిన పాత పెట్టెను ఇంటినుండి తీసికొనుటకు తగినదే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో వరి కొనుగోలు కేంద్రములను నడుపుచున్న మహిళా సంఘములకు తూచుట, రశీదు వ్రాయుట, లారీకెక్కించుట అలవాటైన పనులు. తగిన శిక్షణ, ఇసుక నింపిన డబ్బాలు, ఎండ తగలని వేరు గది, సరియైన కూలి ఏర్పరచినచో ఇట్టి సంఘములు సేకరణకు నడుము కట్టగలవు. ఈ ఏర్పాట్లు లేకుండ వారిపై ఆ భారము మోపుట అన్యాయము.

ఐదవది, కరగించుటకు ముందు మరల వాడుటను గూర్చి ఆలోచించుట. వాహనమునకు చాలని బ్యాటరీ దీపములకు, చిన్న సౌర ఏర్పాట్లకు ఇంకను కొన్ని యేండ్లు ఉపకరింపవచ్చును. ఐతే ప్రతి ఘటమును పరీక్షించి, సమాన సామర్థ్యము గలవానిని జతపరచి, కాపుదల సర్క్యూటు అమర్చినపుడే అది క్షేమము. చేతికందిన ఘటములను అతికించి పెట్టెలు కట్టుట మరల వాడుట కాదు; ప్రమాదమును మరల అమ్ముట.

హైదరాబాదుకు దక్షిణమున మహబూబ్‌నగరు జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియము ఘటముల భారీ కర్మాగారమునకు 2023 మే నెలలో పునాది పడినది. పరిశోధనాలయము హైదరాబాదులో నున్నది. వాడుకదారు జగిత్యాలలో నున్నాడు. ఒకే రాష్ట్రములో తయారీ, వాడుక, శోధన మూడును అమరుట అరుదైన అవకాశము. నడుమ లేనిది తిరుగుదారి.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో చెప్పదలచినచో ఘటమును విప్పి చూపుట ఎంతమాత్రము తగదు. దానికి బదులుగా విద్యార్థులు తమ తమ ఇండ్లలో వాడక మూలపడియున్న ఫోను బ్యాటరీలు, టార్చిదీపములు, పంపు బ్యాటరీలు, స్కూటరు బ్యాటరీలు ఎన్నియో వ్రాసికొని రావచ్చును. వానిపై ముద్రించిన ఆంపియరు–గంటల సంఖ్యను ఒక్కొక్క బ్యాటరీలో వరుసగా కలిపిన ఘటముల సంఖ్యతో హెచ్చించి, ఆ మొత్తమును 0.26తో గుణించినచో తరగతి ఇండ్లలో నిద్రించుచున్న లిథియము ఎన్ని గ్రాములో తెలియును. వానిలో గత సంవత్సరము ఎన్ని సేకరణకు చేరినవో రెండవ పట్టికలో వ్రాయవలెను. రెండవ సంఖ్యను మొదటి సంఖ్యతో భాగించినచో వచ్చునదే ఆ ఊరి అసలు శాతము. దానిని 90తో పోల్చిచూచినపుడు నియమావళిలో మిగిలిన పని ఎంతయో ఆ తరగతికే బోధపడును.